ఆకు కదలలేదు

కాలువలో దిగే ముందు జయపాల్ గారు ప్రతిసారీ నీటి మీద ఒక బాదం ఆకు వేసేవారు. పచ్చి ఆకు కాదు. చెట్టు నుంచి రాలి, ఎర్రబడి, ఇంకా మెత్తదనం పోని ఆకు. అటువంటిది నీటి మీద పరుచుకుని ఉంటుంది, గాలికి లేవదు. అందుచేత అది కదిలితే నీరు కదులుతున్నట్లే. లాకుల మెట్టు మీద కూర్చుని, చేతి గడియారం చూసుకుంటూ, ఆయన దానిని సరిగ్గా రెండు నిమిషాలు గమనించేవారు. కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరు వీరబ్రహ్మం పక్కన నిలబడి, ఆకు మీద టార్చిలైటు వేసి పట్టుకునేవాడు. రెండు నిమిషాలు గడిచాక ఆయన చిన్న నోటుపుస్తకంలో తేదీ, సమయం వేసి, పక్కన ‘నీరు నిలకడ’ అని రాసి, పుస్తకాన్ని వీరబ్రహ్మం చేతికిచ్చి దిగేవారు.

ఈ పరీక్ష నలభై మూడుసార్లు జరిగింది. ఒక్కసారి కూడా ఆకు కదలలేదు.

జయపాల్ గారు తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి 2021 జూన్‌లో పదవీ విరమణ చేశారు. సంతలో కూరల తక్కెడ దగ్గర నుంచి రాజమండ్రిలో బంగారపు కాటా దాకా, కడియం నర్సరీలకు ఎరువు తెచ్చే లారీల వేబ్రిడ్జి దాకా ఆయన పరీక్షించి ముద్ర వేసినవి వేలల్లో ఉంటాయి. పెట్రోలు బంకులో అయిదు లీటర్ల కొలత పాత్రను నేల మీద పెట్టే ముందు వాలు లేదని రసమట్టం పెట్టి చూసేవారని ఆయనతో పనిచేసినవారు చెబుతారు. చూసినది రాయాలి, అనుకున్నది రాయకూడదు అన్నది ఆయన పద్ధతి.

2018లో ఆయనకు మధుమేహం బయటపడింది. డాక్టరు నడవమన్నారు. నడక పరుగైంది, పరుగుకు సైకిలు తోడైంది. ఉద్యోగం అయిపోయాక ఫోనులో ట్రయథ్లాన్ గురించి చదివారు. అందులో పెద్ద దూరపు పోటీ అంటే ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటిగా, 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు. మొత్తానికి పదిహేడు గంటల గడువు. అందులో ఈతకు రెండు గంటల ఇరవై నిమిషాలు. అంతలో ఒడ్డు చేరనివారిని సైకిలు ముట్టుకోనివ్వరు.

రోజూ ఆ గట్టు మీద నడకకు వెళ్ళే నేను, ఈ వయసులో ఇదెందుకని ఒకసారి అడిగాను.

“ఇన్నాళ్ళూ అందరివీ కొలిచానండి. నన్నెవరూ కొలవలేదు” అన్నారు. నవ్వుతూ అన్న మాట కాదది.

సైకిలు, పరుగు ఆయనకు పెద్ద చిక్కు కాలేదు. శనివారాలు తెల్లవారకముందే బయలుదేరి, కొవ్వూరు వంతెన దాటి, పెనుగొండ మీదుగా నరసాపురం దాకా వెళ్ళి వచ్చేవారు. ఆదివారం మాత్రం సైకిలు తీసేవారు కాదు. లూథరన్ చర్చిలో రెండో వరుసలో కుడిచివర ఆయన స్థలం. చిక్కల్లా ఈతతోనే. చిన్నతనంలో కాలువలో నేర్చుకున్న ఈత అది. మునిగిపోకుండా ఉండటానికి పనికొస్తుంది, గడియారంతో పోటీపడటానికి కాదు. మా ఊరికి దగ్గరలో పెద్ద ఈతకొలను లేదు. ఉన్నది కాలువ. ఆ కాలువ పేరు, లాకుల పేరు ఇక్కడ రాయడం లేదు. వీరబ్రహ్మం ఉద్యోగానికి ఇంకా కొన్నేళ్ళు మిగిలి ఉన్నాయి.

డెల్టా కాలువలో ఖరీఫ్ అంతా నీరు పారుతూనే ఉంటుంది. దాళ్వా పంట కాలంలో, అంటే జనవరి నుంచి ఏప్రిల్ వరకు, నీటిని వంతులవారీగా ఇస్తారు. మా కాలువకు ఆరు రోజులు, పక్క కాలువకు ఆరు రోజులు. మన వంతు కాని ఆరు రోజులూ లాకుల తలుపులు దించి ఉంటాయి. కాలువ నిండుగానే ఉంటుంది గాని నీరు నిలిచి ఉంటుంది. ఒక్క మినహాయింపు: దిగువ ఊరి మంచినీళ్ళ చెరువు కోసం ఆ రోజులలో కూడా ఉదయం ఎనిమిదింటికి ఒక తలుపు కొద్దిగా లేపుతారు. కనుక ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు నిలకడ నీరు దొరుకుతుంది. పోటీ జరిగేది ఒక జలాశయంలో. అక్కడా నిలకడ నీరే. జయపాల్ గారికి కావలసినది సరిగ్గా అదే.

లాకుల నుంచి దిగువన వంతెన దాకా దూరాన్ని ఆయన ముప్పై మీటర్ల ఉక్కు టేపుతో గట్టు వెంబడి కొలిచారు. ఆ పని రెండు రోజులు పట్టింది. రెండోసారి కొలిస్తే తేడా నలభై సెంటీమీటర్లు వచ్చింది. మూడోసారి కూడా కొలిచారు. ప్రతి రెండు వందల మీటర్లకూ గట్టు మీద సున్నం పూసిన రాయి పాతారు. లాకుల దగ్గర సున్న, వంతెన దగ్గర పందొమ్మిదో రాయి. ఈత అటునుంచి ఇటే. పోటీలో నీటిలో నుంచి లేస్తూనే సైకిలు ఎక్కాలి కనుక, ఆయన భార్య హెలెన్ గారు సైకిలు, తువ్వాలు, నిమ్మరసం ఫ్లాస్కు పెట్టుకుని ఆనాటి ఈత ముగిసేచోట, పూర్తి దూరం ఈదినప్పుడు వంతెన దగ్గర, కూర్చునేవారు. తిరుగు ఈత అవసరం రాలేదు.

వంతెన పక్క టీ బండి బుజ్జిబాబుది. అతడికి ఇది నిత్యం వినోదం.

“ఏంటండీ జయపాల్ గారూ, రోజూ అటునుంచి ఇటే వస్తారు? ఇటునుంచి అటు ఎప్పుడు వెళ్తారండీ?”

“అటు వెళ్ళడానికి నీ మోపెడ్ ఉందిగా.”

“అయితే పోటీవాళ్ళని కూడా అలాగే అడగండి బాబూ. సగం మోపెడ్ మీద పెట్టమనండి. అమ్మగారూ, మీరైనా చెప్పండి, ఈ వయసులో చేపలతో పందెమేంటండీ!”

హెలెన్ గారు నవ్వేవారు కాదు. ఆమె ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశారు. ఆసుపత్రికి ఏటా కాలువలో నుంచి తీసి తెచ్చేవారు ఎలా ఉంటారో ఆమె చూశారు.

2024 జనవరి 8న మొదటి ఈత: 1,900 మీటర్లు, డెబ్భై ఏడు నిమిషాలు. జనవరి 10న రెండోది. ఏడో రాయి దగ్గర కుడి పిక్క పట్టేసింది. ఎడమ చేత్తో గట్టు మీది తుంగను పట్టుకుని, గొంతుదాకా నీళ్ళలో పావుగంట వేలాడారు. ఆ దారిన వెళుతున్న వీరబ్రహ్మం మోపెడ్ ఆపి, వెదురు గెడ అందించి లాగాడు. ఇంటికి రాగానే జయపాల్ గారు నోటుపుస్తకంలో ‘1,400 మీ. కండరం పట్టివేత. ఉప్పు తక్కువ తీసుకొనుట’ అని రాసుకున్నారు. హెలెన్ గారు వంటింట్లోకి వెళ్ళి జంతికల పిండి కలిపారు.

మూడో ఈత జనవరి 20న. అక్కడి నుంచి అంకెలు మెరుగయ్యాయి. అంతకుముందు కిలోమీటరుకు నలభై నిమిషాలు పైగా పట్టేది. ఇప్పుడు ముప్పై అయిదు, ముప్పై నాలుగు. ఏప్రిల్‌లో వేసవికని కాలువలు కట్టేసే నాటికి ముప్పై మూడు. ఆయన దానికి కారణాలు కూడా రాసుకున్నారు: మోచేయి ఎత్తు, ఊపిరి తీసే పద్ధతి, ఆరు కిలోల బరువు తగ్గుదల. రాత్రి అన్నాల దగ్గర ఆ అంకెలు చదివి వినిపించేవారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన భోజనం దగ్గర ఇంతగా మాట్లాడింది ఎప్పుడూ లేదని హెలెన్ గారు తరువాత నాతో అన్నారు.

ఆ ఏడు ఆగస్టులో ఒకసారి పని మీద విశాఖపట్నం వెళ్ళి, అక్కడి ఈతకొలనులో వెయ్యి మీటర్లు ఈదారు. నలభై ఒక్క నిమిషాలు. అది కూడా రాశారు. ‘ప్రతి ఇరవై అయిదు మీటర్లకు మలుపు. జనసమ్మర్దం’ అని కారణం వేశారు. చూసినది రాసిన మనిషి దాని పక్కనే, మొదటిసారి, అనుకున్నది కూడా రాశారు.

సెప్టెంబరులో కుడి మోకాలు వాచింది. రాజమండ్రి డాక్టరు స్కానింగు చూసి మృదులాస్థి అరిగిందన్నారు. నలభై రెండు కిలోమీటర్ల పరుగు ఒక్కసారికి తట్టుకోవచ్చు, రెండోసారికి పనికిరాదన్నారు. జయపాల్ గారు పోటీకి పేరు ఇచ్చారు: 2025 మార్చి 2, ఆదివారం, కర్ణాటకలో. అప్పటికి ఆయనకు అరవై మూడు నిండాయి. ఒకే పోటీ, ఒకే అవకాశం. అది ఆయనకూ తెలుసు, ఇంట్లోనూ తెలుసు.

రెండో దాళ్వాలో పూర్తి దూరం ఈదడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి 19న 3,800 మీటర్లు రెండు గంటల నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. గడువుకు పదిహేను నిమిషాలు పైగా మిగులు. ఆ రోజు బుజ్జిబాబు టీకి డబ్బులు తీసుకోలేదు. “చేపలు ఓడిపోయాయండి” అన్నాడు. వంతెన కింద నీరు మెల్లగా కదులుతోంది. ఆయన గడియారం చూసుకున్నారు: ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు. చెరువుకు తలుపు లేపి ఉంటారు, సరిపోయింది అనుకున్నారు.

సరిపోలేదు. తలుపు ఎత్తినప్పుడు పుట్టే కదలిక, ఆరడుగుల లోతు కాలువలో, సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు వేగంతో దిగువకు సాగుతుంది. ఎనిమిదింటికి లాకుల దగ్గర తలుపు లేస్తే వంతెన కింద నీరు కదలడానికి ఎనిమిదీ పదిహేను కావాలి. నాలుగు నిమిషాలకే అది కదులుతూ ఉండకూడదు. ఆ ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. పదకొండు నిమిషాల ఆ తేడా నాకూ తట్టలేదు.

పోటీనాటి తెల్లవారుజామున హెలెన్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. జలాశయం ఒడ్డున ఆయన ఇక్కడి నుంచి తీసుకువెళ్ళిన బాదం ఆకు వేసి చూశారు. కదలలేదు. ఏడింటికి బూర ఊదారు. నీటి మీద తేలే నారింజ రంగు బోయాల మధ్య రెండు చుట్లు. మొదటి చుట్టు ముగిసేసరికి గంటా పదిహేను. గడియారం చూసి ఆయన నమ్మలేదు. రెండో చుట్టులో ఉన్న బలమంతా పెట్టారు. రెండు గంటల ఇరవైకి బూర మళ్ళీ మోగింది. పడవవాళ్ళు పక్కకు వచ్చి చేయి అందించబోయారు. ఆయన చేయి పట్టుకోలేదు. ఒడ్డుకు చేరేసరికి రెండు గంటల ముప్పై ఒక్క నిమిషాల నలభై సెకన్లు.

ఒక అమ్మాయి వంగి “సారీ అంకుల్” అంటూ ఆయన చీలమండకు కట్టిన, సమయం నమోదు చేసే చిప్ విప్పింది.

ఆయన ఆమెను అడిగిన మొదటి మాట: “ఈ దూరం కొలిచిందెవరు?”

నిర్వాహకులు మర్యాదగానే మాట్లాడారు. ఆయన గొంతు పెద్దది చేశారు. దూరం తప్పన్నారు, కొలిచినవాడికి కొలవడం రాదన్నారు. చుట్టూ మనుషులు చేరారు. ఆయన గొంతు పెంచడం తాను విన్నది అదే మొదలని హెలెన్ గారు చెప్పారు. రైలులో తిరిగి వస్తూ ఆయన నోటుపుస్తకంలో లెక్క వేశారు. కాలువలో తన వేగం సెకనుకు 0.51 మీటర్లు. ఆ వేగంతో రెండు గంటల ముప్పై ఒక్క నిమిషాల నలభై సెకన్లలో వెళ్ళే దూరం 4,641 మీటర్లు. అంటే జలాశయంలో ఎనిమిది వందల నలభై ఒక్క మీటర్లు ఎక్కువ పెట్టారు. హెలెన్ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. “పోనీలెండి, ప్రాణాలతో వచ్చారు” అన్నారు ఒక్కసారి. ఆయన తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజుకు ఫిర్యాదు సిద్ధమైంది. పూర్వం శాఖకు రాసే నివేదికల పద్ధతిలోనే, పేరాలకు అంకెలు వేసి. జతపరచినవి: దూరం కొలిచిన వివరం, గడియారం సరిచూసిన వివరం, నలభై మూడు ఈతల పట్టిక, ఆకు పరీక్ష. చివర సాక్షి ధ్రువీకరణకు చోటు విడిచారు. ఆ కాగితం పట్టుకుని సాయంత్రం నాలుగింటికి లాకుల దగ్గరకు వెళ్ళారు.

వీరబ్రహ్మం తలుపు మరకు గ్రీజు పూస్తున్నాడు.

“ఇక్కడ సంతకం చెయ్యి బ్రహ్మం. కింద నీ హోదా రాయి.”

అతడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచాడు.

“ఎందుకండీ ఇదంతా? వదిలేయండి. మళ్ళీ ఏడు చూసుకోవచ్చు.”

“మళ్ళీ ఏటికి మోకాలు లేదయ్యా. ముందు చదువు.”

“కళ్ళజోడు తేలేదండి.”

“జేబులోనే ఉందిగా.”

వీరబ్రహ్మం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ‘పై నలభై మూడు సందర్భములలోను నీరు నిలకడగా ఉన్నదనియు, ఈత ముగియువరకు తలుపు ఎత్తబడలేదనియు ధ్రువీకరించుచున్నాను.’ చాలా చిన్న వాక్యం. అతడు చాలాసేపు చదివాడు.

“ఇది వాళ్ళకి పంపిస్తే ఏమవుతుందండీ?”

“మళ్ళీ కొలుస్తారు. తప్పని తేలితే కొలిచినవాడిని తీసేస్తారు. తియ్యాలి కూడా.”

“పాపం, ఎవరో ఏంటో అతను.”

“తప్పు కొలిచినవాడి మీద జాలేంటి నీకు?”

“అతను తప్పు కొలవలేదండి” అన్నాడు వీరబ్రహ్మం.

జయపాల్ గారు మెట్టు మీద కూర్చున్నారు. రోజూ ఆకు వేసే మెట్టు అది.

“చెప్పు.”

“మీరు వంపు దాటి కనపడకుండా పోగానే లేపేసేవాణ్ణండి. ఎక్కువ కాదు, మర రెండు చుట్లు తిప్పేవాణ్ణి. ఎనిమిదింటికి ఎలాగూ చెరువుకి వదలాల్సిన నీళ్ళేనండి అవి. ఆరుంపావుకి వదిలేవాణ్ణి, అంతే.”

“ఎన్నిసార్లు?”

“మొదటి రెండుసార్లూ లేదండి.”

“అంటే నలభై ఒకటి.”

“లెక్క తెలీదండి నాకు.”

“ఆకు మీద టార్చి వేసింది నువ్వే కదా బ్రహ్మం.”

“నేనేనండి.”

“నేను రెండు నిమిషాలూ చూసేదాకా ఆగావు. రాసేదాకా ఆగావు. పుస్తకం నీ చేతికే ఇచ్చి దిగాను.”

వీరబ్రహ్మం గ్రీజు డబ్బా మూత పెట్టాడు. “హెలెన్ అక్కగారు చెప్పారండి” అన్నాడు. “ఆవేళ మిమ్మల్ని గెడతో లాగాను చూడండి, ఆ సాయంత్రం వచ్చారండి. జంతికల డబ్బా తెచ్చారు. కాస్త పారుదల ఉంటే తొందరగా ఒడ్డెక్కుతారు, నీళ్ళలో తక్కువసేపుంటారు తమ్ముడూ అన్నారు. నాకూ నిజమే అనిపించిందండి. మీరు నిజంగా పోటీ దాకా వెళ్తారని మేమనుకోలేదు.”

జయపాల్ గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. లేచి వెళ్ళిపోతుంటే వీరబ్రహ్మం వెనకనుంచి “జయపాల్ గారూ, టీ తాగెళ్ళండి” అన్నాడట. ఆ మాట ఎందుకన్నానో తనకే తెలియదని నాతో చెప్పాడు.

ఇంటి దగ్గర హెలెన్ గారు పెరట్లో తీసిన బట్టలు మడత పెడుతున్నారు. ఆయన ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

“బ్రహ్మం చెప్పాడా?”

“నువ్వు చెప్పలేదు.”

“చెబుదామనే అనుకున్నానండి. మొదట్లో నాలుగు రోజులు సరదా, తీరిపోతుందిలే అనుకున్నాను. తర్వాత మీరు రోజూ అంకెలు చదువుతుంటే ఎలా చెప్పేది? ఎప్పుడు చెప్పేది?”

“ఆగస్టులో చెప్పొచ్చు. పేరు ఇచ్చిన రోజు చెప్పొచ్చు. రైల్లో చెప్పొచ్చు, పక్కన కూర్చుని ఆ పిల్లల్ని దొంగలని రాస్తుంటే చూశావు.”

“మీరు బతికున్నారు కదండీ. నాకు అది చాలు.”

“నీకు చాలు” అన్నారాయన. “నేను ఎంత నెమ్మదో నాకు తెలిసుంటే ఏడాది ఉంది హెలెన్ నాకు. పదిహేను నిమిషాలు తగ్గించుకోవడానికి ఏడాది. తగ్గించుకోవాలని తెలియనివ్వలేదు మీరు. ఇన్నాళ్ళూ ఈదింది నేనా, కాలువా?”

ఆమె చేతిలో ఉన్నది ఆయన తువ్వాలే. మడత పెట్టి పక్కన పెట్టారు. “నేనెన్ని శవాలు చూశానో మీకు తెలీదు” అన్నారు.

ఆయన ఆ మాటను అబద్ధమని అనలేరు, సరేనని అనలేరు.

తరువాత నేను లెక్క వేసి చూశాను. విశాఖ కొలనులో ఆయన వేగం సెకనుకు నలభై సెంటీమీటర్లు. కాలువలో యాభై ఒకటి. రెండు చుట్లు తిప్పిన తలుపు ఇచ్చినది, స్థూలంగా, సెకనుకు పది సెంటీమీటర్లు. ఒక జానకు సగం. నీటిలో మునిగిన ముఖానికి అది తెలియదు. పోటీలో ఆయన నిజానికి కొలను కంటే కొద్దిగా వేగంగానే ఈదారు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. “దేనితో పోల్చి?” అన్నారు.

శాఖలో ఒక పద్ధతి ఉండేది. పరీక్షలో తేలిపోయిన తూకపురాయి మీద పాత ముద్రకు అడ్డంగా గీత కొడతారు. రాయి ఇంకా రాయే, కాని దానితో ఎవరూ తూచకూడదు. జయపాల్ గారు స్కేలు పెట్టి, మూడో వరుస నుంచి నలభై మూడో వరుస దాకా, ఒక్కొక్క దానికి విడివిడిగా అడ్డగీత కొట్టారు. ఒకే పొడుగు గీతతో అన్నీ కొట్టేయవచ్చు. ఆయన అలా చేయలేదు. ఫిర్యాదు పంపలేదు. నిర్వాహకులకు ఒక కార్డు రాశారు: ‘మీ దూరం సరిగానే ఉన్నది. ఒడ్డున నేను అన్న మాటలకు క్షమించగలరు.’ కారణం రాయలేదు.

ఇంట్లో మాటలు ఆగిపోలేదు. అన్నం పెట్టమనేవారు, మాత్ర వేసుకున్నానని చెప్పేవారు. భోజనం దగ్గర చదవడానికి మాత్రం ఏమీ లేదు. ఆదివారం చర్చిలో రెండో వరుస కుడిచివర ఆయనే కూర్చునేవారు. హెలెన్ గారు ఎప్పటిలా ఆడవాళ్ళ వైపు.

మార్చి 19న మళ్ళీ మన వంతు కాని రోజు. ఉదయం అయిదున్నరకు ఆయన లాకుల దగ్గరకు వెళ్ళారు. ఎందుకు వెళుతున్నదీ ఎవరికీ చెప్పలేదు. ఆయన వెళ్ళిన పావుగంటకు హెలెన్ గారు సైకిలు నడిపించుకుంటూ వంతెన దగ్గరకు చేరారు. ఆమెను ఎవరూ రమ్మనలేదు. నేను గట్టు మీద నడకకు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఇక్కడి నుంచి రాసేది కొంత చూసినది, కొంత వీరబ్రహ్మం చెప్పినది, కొంత ఆ రోజు నోటుపుస్తకంలో ఉన్నది.

వీరబ్రహ్మం టార్చి పట్టుకుని వచ్చాడు. ఆయన తన టార్చి తెచ్చుకున్నారు. ఆకు వేశారు. రెండు నిమిషాలు. నోటుపుస్తకం వీరబ్రహ్మానికి ఇవ్వలేదు. నడుముకు కట్టుకుని వెంట లాక్కుపోయే గాలి సంచీలో, నీరు చొరని అరలో పెట్టుకున్నారు. అందులోనే మరో పందొమ్మిది ఆకులు ఉన్నాయి. ఆరింటికి దిగారు.

మొదటి రాయి దగ్గర ఆగారు. గట్టు పట్టుకుని, సంచీలో నుంచి ఒక ఆకు తీసి నీటి మీద వేసి, గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. ఆకు కదలలేదు. రెండో రాయి దగ్గర మళ్ళీ ఆగారు. మూడో రాయి దగ్గర మళ్ళీ. ఒకనాడు రెండు గంటల ఈతకు ఒక్క ఆకు చాలిన మనిషి, ఎనిమిది నిమిషాలు ఈది రెండు నిమిషాలు ఆకు చూస్తూ నిలబడ్డారు. అలా ఆగితే ఆ రోజు పట్టిన కాలం లెక్కలోకి రాదు; అది ఆయనకు మనందరికంటే బాగా తెలుసు. పన్నెండు ఆకులు కదలలేదు.

పదమూడో రాయి చేరేసరికి ఎనిమిదీ తొమ్మిది. ఆకు వేశారు. నిమిషం సేపు అది ఉన్నచోటే ఉంది. ఎనిమిదీ పది దాటాక చివర కొద్దిగా తిరిగి, వంతెన వైపు సాగడం మొదలుపెట్టింది. రెండు వేల ఆరు వందల మీటర్లు, పది నిమిషాలు. లాకుల దగ్గర తలుపు సరిగ్గా ఎనిమిదింటికి లేచింది. వీరబ్రహ్మం ఆ రోజు సమయం పాటించాడు.

ఆయన ఆకు కనుమరుగయ్యేదాకా చూశారు. పారుదల ఆయనను కూడా మెల్లగా వంతెన వైపు నెడుతూ ఉండి ఉంటుంది. ఇంకా పన్నెండు వందల మీటర్లు ఉన్నాయి. ఆయన గట్టు ఎక్కారు. గాలి సంచీ చేత్తో పట్టుకుని, తడి నిక్కరుతో, వట్టి పాదాలతో గట్టు వెంబడి నడిచి వచ్చారు. కుడి కాలు కొంచెం ఈడ్చారు.

“ఏంటండీ ఇది, ఇవాళ నడిచొచ్చారు?” అని బుజ్జిబాబు గ్లాసు పట్టుకుని లేచాడు. ఆయన ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

హెలెన్ గారు తువ్వాలు అందించారు. ఆయన అందుకున్నారు. ఆమె సైకిలు హ్యాండిలు ఆయన వైపు తిప్పి పట్టుకున్నారు, ఆయన దానిని అందుకోలేదు.

“ఎంతయిందండీ?” అని అడిగారామె. రోజూ అడిగే ప్రశ్నే.

ఆయన గడియారం వైపు చూడలేదు.

“తెలీదు” అన్నారు.

మిగిలిన ఆరు ఆకులు సంచీలో నుంచి తీసి గట్టు మీద పెట్టి, ఇంటి వైపు నడిచారు. హెలెన్ గారు సైకిలు నడిపించుకుంటూ వెనక వెళ్ళారు. ఇద్దరి మధ్య దూరం పది మీటర్లు ఉంటుంది. మలుపు తిరిగేదాకా అది తగ్గలేదు.